గ్రామజీవనం – స్వచ్ఛంద సేవ

ఉద్దేశం

గ్రామమంటే కొన్ని ఇళ్ళు, కొన్ని పొలాలు మాత్రమే కాదు. ఒకరి కష్టసుఖాలలో మరొకరు పాలుపంచుకొనే ఉమ్మడి జీవనమే గ్రామానికి ప్రాణం. ఆ జీవనం దానంతట అది నిలవదు. ప్రతిఫలం ఆశించకుండా పనిచేసే కొందరి శ్రమవల్ల నిలుస్తుంది. ఆ శ్రమ స్వరూపాన్నీ, తెలుగునేలపై దానికున్న చరిత్రనూ, నేడు దానికి ఎదురవుతున్న ఇబ్బందులనూ తెలియజేసి, విద్యార్థులలో సేవాదృక్పథాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఏలూరుకు ఉత్తరాన, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న మెట్ట ప్రాంతం చింతలపూడి. పూర్వం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు కూడా అప్పుడే ఏలూరు జిల్లాలో చేరింది. చింతలపూడి మండలాన్ని నూజివీడు రెవెన్యూ డివిజనులో కలిపారు. పరిపాలన ఇప్పుడు కలిపినా, ఈ రెండు ప్రాంతాలను ప్రకృతి ఏనాడో కలిపింది. ఎర్రనేలలు, తమ్మిలేరు, వాననీటిపై ఆధారపడిన చెరువులు, కనుచూపుమేర మామిడితోటలు రెండింటికీ సమానమే.

మామిడి రైతుకు ఏడాదంతా ఒక్కతీరుగా గడవదు. చలికాలంలో తోట పూతకు వస్తుంది. పొగమంచు నుంచి, తేనెమంచు పురుగు నుంచి పూతను కాపాడుకోవాలి. పిందె నిలిచిన తరువాత గాలివానల భయం ఉంటుంది. వేసవి రాగానే కోత మొదలవుతుంది. చిక్కాలు కట్టిన గడలతో కాయ కోసేవారు, గంపలు మోసేవారు, గడ్డి పరచి కాయ పేర్చేవారు, లారీలకు ఎత్తేవారు చేరి తోట తిరునాళ్ళను తలపిస్తుంది. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి కాయలు ఊరు దాటి వెళ్ళిపోతాయి. కోత ముగిసిన మరునాడు తోటలో మనిషి అలికిడి ఉండదు. అనుభవమున్న రైతుకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. అతడు ఎండుకొమ్మలు తీయిస్తాడు. తొలకరికి దున్నిస్తాడు. పాదులు చేయించి ఎరువు వేయిస్తాడు. ఆ పనిని చూడడానికి ఎవరూ రారు. అయినా మరుసటి ఏటి కాపు చాలావరకు ఆ పనిమీదనే ఆధారపడి ఉంటుంది.

ఊరి ఉమ్మడి జీవనం కూడా ఇటువంటిదే. శ్రీరామనవమి పందిరి వేసే రోజున చేతులకు కొదవ ఉండదు. తాటాకు మోసేవారు, గుంజలు పాతేవారు, పానకం కలిపేవారు ఉత్సాహంగా ముందుకు వస్తారు. కల్యాణం ముగిసి జనం ఇళ్ళకు వెళ్ళిన తరువాత గుంజలు పీకి గుంతలు పూడ్చేవారు, వంటపాత్రలు తోమి లెక్కచూసి అప్పగించేవారు, మిగిలిన చందా డబ్బుకు పద్దు రాసేవారు ఎందరు? ఏ ఊరిలోనైనా వారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమంది లేకపోతే వచ్చే ఏడు పందిరి లేవదు. పాత్రలు ఇచ్చినవారు మళ్ళీ ఇవ్వరు, చందా ఇచ్చినవారు మళ్ళీ నమ్మరు. ఉత్సవం అందరికీ కనిపిస్తుంది, ఉత్సవాన్ని నిలిపే సేవ కనిపించదు. గ్రామజీవనానికి ఆధారమైనది ఆ కనిపించని సేవయే.

స్వచ్ఛందం – నిర్బంధం

‘స్వచ్ఛందం’ అనే మాటలో ‘స్వ’ అంటే తన, ‘ఛందం’ అంటే ఇష్టం. ఇతరుల ఆజ్ఞకు లోబడి కాక, తన ఇష్టంతో పూనుకొన్నదే స్వచ్ఛంద సేవ. ఈ నిర్వచనాన్ని మరచిపోతే చరిత్రను తప్పుగా చదివే ప్రమాదముంది. పూర్వకాలపు గ్రామాలలో అందరూ కలిసి పనిచేసేవారని, ఆ సౌహార్దం నేడు పోయిందని పలువురు బాధపడుతుంటారు. అందులో కొంత నిజముంది. అయితే ఆనాడు ఊరి కోసం జరిగిన పని అంతా ఇష్టంతో చేసినది కాదు.

చెరువుల మరమ్మతునే ఉదాహరణగా తీసుకోవచ్చు. వేసవిలో రైతులందరూ కలిసి కాలువలలో పూడిక తీయడం, గట్లకు మట్టి వేయడం దక్షిణ భారతంలో పాత ఆచారం. దీనిని మద్రాసు రాజధానిలో ‘కుడిమరామత్తు’ అన్నారు. ‘కుడి’ అంటే తమిళంలో ఊరి కాపురస్థుడు, రైతు. ‘మరామత్తు’ అరబ్బీ భాష నుంచి వచ్చిన మాట. ఆంగ్లేయుల పాలనలో ఈ ఆచారం క్షీణించగా, ప్రభుత్వం 1858లో ఒక చట్టం చేసి ఆ శ్రమను నిర్బంధం చేసింది. ఊరంతా తమదనుకొని చేసిన పని చట్టం చేసి చేయించవలసిన పనిగా మారింది. చెరువుపై రైతులకు హక్కు, బాధ్యత రెండూ ఉన్నంతకాలం పార పట్టుకోమని ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. హక్కు ప్రభుత్వానికి పోయి బాధ్యత మాత్రమే తమకు మిగిలినప్పుడు ఆ పని వారికి భారమయింది. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం ద్వారా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడడానికి కారణం కూడా ఈ అనుభవమే. నీటిని వాడుకొనేవారి చేతికే నిర్వహణ అప్పగించాలని ఆ చట్టం భావించింది.

ఇంకొక చేదు నిజం కూడా ఉంది. ఊరి పనులలో బరువైనవి, మలినమైనవి కొన్ని కులాలవారి చేత వెట్టిగా చేయించుకొన్న కాలం ఒకటుంది. బావి తవ్వినవారికే ఆ బావిలో నీరు తోడుకొనే హక్కు లేకపోయిన ఊళ్ళున్నాయి. పందిరి గుంజ మోసినవాడు పందిరి కింద కూర్చోలేకపోతే అది ఉమ్మడి జీవనం కాదు. కాబట్టి గ్రామంలో సేవను గురించి మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పని చేసేవారు తమ ఇష్టంతో చేస్తున్నారా? దాని ఫలం అందరికీ సమానంగా అందుతున్నదా? రెండింటికీ ‘అవును’ అనే సమాధానం వచ్చినప్పుడే అది సేవ అవుతుంది.

గ్రంథాలయోద్యమం

ఈ రెండు పరీక్షలకూ నిలబడదగిన ప్రయత్నాలలో తెలుగువారి గ్రంథాలయోద్యమం ముఖ్యమైనది. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో ప్రతి వందమందిలో పదిమందికైనా చదువు రాదు. అటువంటి రోజులలో పల్లెలలో గ్రంథాలయాలు వెలిశాయి. ప్రభుత్వం వాటిని స్థాపించలేదు. కొద్దిపాటి చదువుకొన్న యువకులు, ఉపాధ్యాయులు, రైతులు, వర్తకులు వాటిని నెలకొల్పారు.

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం సమీపాన ఉన్న కుముదవల్లి గ్రామంలో 1897లోనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం ఏర్పడింది. భూపతిరాజు తిరుపతిరాజు దానికి సారథి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపితమయ్యాయి. విజయవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం నెలకొన్నది. ఎక్కడికక్కడ విడివిడిగా వెలసిన ఈ గ్రంథాలయాలను ఒక్కతాటిపైకి తెచ్చినవారు అయ్యంకి వెంకటరమణయ్య. ఆయన పూనికతో 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం దానికి అధ్యక్షత వహించారు. ఆ సభ నుంచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో గ్రంథాలయ మహాసభ జరగడానికి కూడా అయ్యంకి కృషియే కారణం. నేటికీ ఏటా నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకోవడం వెనుక ఈ చరిత్ర ఉంది.

గ్రంథాలయ యాత్రలు ఈ ఉద్యమంలో విశేషమైనవి. కార్యకర్తలు ఊరూరా కాలినడకన తిరుగుతూ, సభలు జరుపుతూ, పుస్తకాలను సేకరిస్తూ, కొత్త గ్రంథాలయాలకు ప్రజలను ప్రోత్సహించేవారు. గుంటూరు జిల్లా పెదపాలెంకు చెందిన పాతూరి నాగభూషణం 1934లో గ్రంథాలయ నిర్వాహకులకు శిక్షణ శిబిరం నడిపారు. 1935లో కాలువలమీద తిరిగే పడవలో పుస్తకాల పెట్టెలు పెట్టి, గట్టున ఉన్న ఊళ్ళకు చదువును చేరవేశారు. రోడ్లు సరిగా లేని ఆ కాలంలో కాలువ మార్గమే రాజమార్గం. ఉన్న సౌకర్యాన్ని ఉన్నట్లే ఉపయోగించుకోవడం స్వచ్ఛంద సేవకుని నేర్పు. అతడు లేనిదానికోసం ఎదురుచూస్తూ కూర్చోడు.

వేటపాలెంలోని సారస్వత నికేతనం మరొక ఉదాహరణ. 1918లో ఆ ఊరి యువజన సంఘం దీనిని ప్రారంభించింది. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి దీనికి ప్రాణం పోశారు. 1929లో మహాత్మాగాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఇప్పటికీ తెలుగు పత్రికల పాత సంచికల కోసం పరిశోధకులు దూరప్రాంతాల నుంచి అక్కడికి వస్తారు. పాత పత్రికను పదిలపరచడం చిన్న పనిగా కనిపిస్తుంది. రోజూ వచ్చిన పత్రికను తేదీ ప్రకారం పేర్చాలి. చెదలు పట్టకుండా చూడాలి. నెలకొకసారి కట్టి బైండు చేయించాలి. ఇది ఒకనాటి ఉత్సాహంతో అయ్యే పని కాదు. శంకుస్థాపన ఒక్కరోజులో ముగిసింది. పత్రికలను పేర్చే పని తరతరాలుగా సాగింది. ఆ గ్రంథాలయం నిలవడానికి రెండూ కావలసి వచ్చాయి. ఆ రెండింటిలో ఏది కష్టమో చెప్పనవసరం లేదు.

ఆనాటి పల్లె గ్రంథాలయం కేవలం పుస్తకాల గది కాదు. సాయంకాలం తలుపు తీసి, దీపం వెలిగించి, చదువు వచ్చినవాడొకడు పత్రికను బిగ్గరగా చదివితే చదువురాని పదిమంది చుట్టూ కూర్చొని వినేవారు. దేశంలో జరుగుతున్న స్వాతంత్ర్య సమరం వారికి ఆ విధంగా తెలిసేది. కొన్నిచోట్ల గ్రంథాలయమే రాత్రిబడి అయింది. తలుపు తీసేవాడికి జీతం లేదు. అయినా తలుపు తీయని సాయంకాలం ఊరికి లోటుగా తోచేది.

స్వాతంత్ర్యానంతరం గ్రంథాలయాల బాధ్యతను ప్రభుత్వం స్వీకరించింది. మద్రాసు రాష్ట్రంలో 1948లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోను పౌర గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను వసూలు చేసే పద్ధతి వచ్చింది. దీనివల్ల ఎంతో మేలు జరిగింది. ఉద్యోగులకు జీతాలు, గ్రంథాలయాలకు నిలకడగల ఆదాయం సమకూడాయి. అయితే ‘ఇది మనది’ అని ఊరివారు అనుకొనే భావన క్రమంగా సడలింది. పన్ను చెల్లించడంతో తన బాధ్యత తీరిందని పౌరుడు భావించాడు. తలుపు మూసి ఉంటే వెనుకటివలె తానే తాళం తెరవడానికి పూనుకోక, అధికారులకు ఫిర్యాదు చేయడం నేర్చుకొన్నాడు. చట్టం జీతాన్ని, భవనాన్ని ఇవ్వగలదు కాని, మమకారాన్ని ఇవ్వలేదు.

రాత్రిబడి తెచ్చిన మార్పు

జీతంలేని సేవ చిన్నగా మొదలై ఎంత దూరం పోగలదో తెలిపే ఘట్టం నెల్లూరు జిల్లాలో జరిగింది. 1990–91 ప్రాంతంలో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. వేలాది యువతీయువకులు ఏ జీతమూ లేకుండా రాత్రిపూట వీధి అరుగుల మీద, బడి వరండాలలో వయోజనులకు అక్షరాలు నేర్పారు. పగలంతా కూలికి వెళ్ళి వచ్చిన స్త్రీలు పలక పట్టుకొన్నారు. అక్షరాలతోపాటు తమ బతుకును గురించి ఆలోచించడం కూడా వారు అక్కడే అభ్యసించారు. భర్తల సంపాదన సారా దుకాణాలకు పోతున్నదనే బాధ ప్రతి ఇంటిలోను ఉంది. అంతవరకు ఎవరి ఇంటి దుఃఖం వారిదే. పదిమంది ఒకచోట కూర్చొని చెప్పుకొన్నప్పుడు అది ఊరి సమస్య అయింది. దూబగుంట గ్రామంలోని స్త్రీలు ఏకమై సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా, ఆపై రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. అనంతరం ఆ స్త్రీలే పొదుపు సంఘాలుగా ఏర్పడి, రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టడం అలవాటు చేసుకొన్నారు.

రాత్రిబడికి వచ్చిన యువతీయువకులెవరూ రాష్ట్రంలో సారాను మాన్పించాలని బయలుదేరలేదు. అక్షరాలు నేర్పాలని మాత్రమే బయలుదేరారు. పదిమంది క్రమంతప్పకుండా కలుసుకొనే చోటును వారు ఏర్పరచారు. ఆ చోటు నుంచి ఏమి పుడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. సేవాసంఘం, గ్రంథాలయం, రామాలయపు అరుగు, చెరువుగట్టు మొదలైనవన్నీ అటువంటి చోట్లే. వాటిని నిలుపుకోవడం అంటే ఊరికి కలిగే మంచి ఆలోచనకు చోటు ఉంచడం.

ప్రభుత్వ పథకాలు – ప్రజల పూనిక

ప్రజల స్వచ్ఛంద శ్రమను అభివృద్ధికి వినియోగించాలని ప్రభుత్వాలు కూడా పలుమార్లు ప్రయత్నించాయి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. శ్రమదానంతో రోడ్లు, బడులు నిర్మించాలని అది ఆశించింది. ప్రజల భాగస్వామ్యం తగినంతగా లేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం గుర్తించింది. నిర్ణయాధికారం ప్రజల ప్రతినిధులకు ఇవ్వనిదే వారు ముందుకు రారని ఆ సంఘం అభిప్రాయపడింది. దాని సూచనలననుసరించి 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ అమలులోకి వచ్చింది. 1997లో మొదలైన జన్మభూమి కార్యక్రమంలో కూడా శ్రమదానానికి ప్రాధాన్యం ఇచ్చారు. 2019 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలై, 2024 తరువాత కొనసాగని గ్రామ వాలంటీర్ల వ్యవస్థ వీటికి భిన్నమైనది. సుమారు 50 ఇళ్ళకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనంతో ప్రభుత్వ సేవలను ఇంటింటికీ అందించడానికి వారిని నియమించారు. ‘వాలంటీరు’ అన్న మాట ఒకటే అయినా, నియామకం వల్ల చేసే పని వేరు, స్వచ్ఛందంగా చేసే పని వేరు అని విద్యార్థులు గ్రహించాలి. రెండింటికీ వాటి వాటి ప్రయోజనం ఉంది.

విద్యార్థులకు మరింత దగ్గరైనది జాతీయ సేవా పథకం. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో ఇది ప్రారంభమైంది. ‘నేను కాదు, మీరు’ అన్నది దీని ఆదర్శం. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవలో గడపాలి. దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. శిబిరం ముగిసిన ఎనిమిదో రోజున ఆ ఊరిలో ఏమి మిగిలింది అన్నదే ఈ పథకానికి అసలైన పరీక్ష. విద్యార్థులు నాటిన మొక్కకు నీరు పోసే మనిషిని ఆ ఊరిలోనే వెదకి అప్పగించి వస్తే శిబిరం ఫలించినట్లే. అలా అప్పగించకుండా వస్తే నాటిన గుంత మాత్రమే మిగులుతుంది.

నేటి పరిస్థితి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచి స్వచ్ఛంద సేవకులు తరలివచ్చారు. శవాలను ఖననం చేశారు, గంజి కేంద్రాలు నడిపారు, ఇళ్ళు కట్టారు. ఆపద వచ్చినప్పుడు తెలుగువారు ఆదుకొంటారనడానికి ఇది సాక్ష్యం. ఇటువంటి అత్యవసర సేవకు మనసు కదిలితే చాలు. ఆపద లేని రోజున చేసే సేవకు కదిలిన మనసుతోపాటు ఓర్పు కూడా కావాలి. నేటి గ్రామాలలో కొరవడుతున్నది ఈ రెండవదే.

దీనికి కారణాలు లేకపోలేదు. చదువుకొన్న యువత హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు నగరాలకు, విదేశాలకు వెళుతున్నది. గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపనుల కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. ఊళ్ళో మిగిలినవారిలో వృద్ధులు, పసివారు ఎక్కువ. తోటలను ఏడాదికో, కొన్నేళ్ళకో కాపు కొనే వ్యాపారులకు అప్పగించి, యజమానులు పట్టణాలలో ఉంటున్నారు. సాయంకాలపు అరుగును టీవీ, ఆపై సెల్‌ఫోను ఆక్రమించాయి. చావు ఇంటికి నలుగురు భుజం పట్టేవారు కరువైన వీధులు కూడా ఉన్నాయి. డబ్బు ఇచ్చి చాలా పనులు చేయించుకోవచ్చు. చావు ఇంటి ముందు మౌనంగా కూర్చొనే పొరుగువానిని మాత్రం డబ్బుతో తెచ్చుకోలేము.

వలస వెళ్ళినవారు ఊరిని మరచిపోయారని కాదు. గుడికి, బడికి, శ్మశానవాటికకు వారు విరాళాలు పంపుతున్నారు. వారి అభిమానం ప్రశంసింపదగినది. కాని విరాళంతో కట్టిన గదికి రోజూ తాళం తీసే చేయి ఊళ్ళోనే ఉండాలి. దూరాన ఉన్న ధనం, దగ్గర ఉన్న శ్రమ కలిసినప్పుడే పని నిలుస్తుంది.

నిలిచే సేవకు లక్షణాలు

పైన చెప్పిన అనుభవాలనుబట్టి, చిరకాలం నిలిచే సేవకు కొన్ని లక్షణాలు కనిపిస్తాయి. మొదటిది వంతు. పని అంతా ఒక్కరిమీద పడితే ఆ ఒక్కరు అలసిన నాడు పని ఆగిపోతుంది. వంతులవారీగా పంచుకొంటే ఎవరికీ భారం కాదు. రెండవది లెక్క. వసూలైన ప్రతి రూపాయికి పద్దు రాసి, అందరి ఎదుట చదివి వినిపించాలి. ఊళ్ళో సంఘాలు పనిలేక కాక, అనుమానాల వల్లనే ఎక్కువగా విచ్ఛిన్నమవుతాయి. మూడవది సమానత్వం. కుల, మత, లింగభేదం లేకుండా అందరికీ పనిలోను, పెత్తనంలోను పాలు ఉండాలి. స్త్రీలు వంటకు, పురుషులు వేదికకు అనే విభజన పోవాలి. నాలుగవది వారసత్వం. పెద్దలు తమ తరువాత చేయవలసినవారిని తాము ఉండగానే తయారుచేయాలి. తాళం చెవిని కడదాకా తన మొలకే కట్టుకొన్నవాడు ఎంత మంచివాడైనా సంస్థకు మేలు చేసినవాడు కాడు.

ఈ లక్షణాలలో దేనికీ పెద్ద చదువుగాని, సంపదగాని అవసరం లేదు. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి వారానికి రెండు గంటలు కేటాయించినా ఎంతో చేయవచ్చు. శాఖా గ్రంథాలయంలో చిందరవందరగా ఉన్న పుస్తకాలను సర్దవచ్చు. పింఛను కాగితం చదువుకోలేని వృద్ధునికి చదివి చెప్పవచ్చు. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. గ్రామసభ జరిగే తేదీ తెలుసుకొని నలుగురిని వెంటబెట్టుకొని వెళ్ళవచ్చు. మొదటి వారం చేసినది రెండవ వారం కూడా చేయడమే ఇందులోని కష్టం. ఫలం కూడా అందులోనే ఉంది.

చింతలపూడి, నూజివీడు ప్రాంతాలలో ముసలి మామిడిచెట్లు ఎన్నో కనిపిస్తాయి. వాటిని నాటిన చేతులు నేడు లేవు. ఆ చెట్లు ఇప్పటికీ కాస్తున్నాయంటే నాటినవారి గొప్పతనం ఒక్కటే కారణం కాదు. ఆ తరువాత ప్రతి ఏడూ, కోత ముగిసి అందరూ వెళ్ళిపోయాక తోటలో అడుగుపెట్టినవారు ఉన్నారు. ఊరి ఉమ్మడి జీవనాన్ని నిలుపుతున్నవారు కూడా అటువంటివారే. వారి సంఖ్యను ఒక్కరితోనైనా పెంచడం చదువుకొన్న ప్రతి యువకుని, ప్రతి యువతి కర్తవ్యం.

కఠిన పదాలకు అర్థాలు

అలికిడి = చప్పుడు, మనుషుల కదలిక
చిక్కం = కాయలు కోయడానికి గడకు కట్టే వల సంచి
పద్దు = జమాఖర్చుల లెక్క
సౌహార్దం = స్నేహభావం
వెట్టి = కూలి ఇవ్వకుండా నిర్బంధంగా చేయించుకొనే చాకిరి
సారథి = నడిపించేవాడు
పూనిక = ప్రయత్నం, పట్టుదల
మమకారం = నాది అనే అభిమానం
వయోజనులు = యుక్తవయస్సు వచ్చినవారు
విచ్ఛిన్నం = ముక్కలు కావడం

సంధులు

గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
గ్రంథాలయోద్యమం = గ్రంథాలయ + ఉద్యమం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
గ్రామమంటే = గ్రామము + అంటే – ఉకార సంధి

సమాసాలు

కష్టసుఖాలు = కష్టమును, సుఖమును – ద్వంద్వ సమాసం
గ్రామజీవనం = గ్రామము యొక్క జీవనం – షష్ఠీ తత్పురుష సమాసం
ఎర్రనేల = ఎర్రనైన నేల – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
పదిమంది = పది సంఖ్యగల మంది – ద్విగు సమాసం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. తెలుగునేలపై గ్రంథాలయోద్యమం స్వచ్ఛంద సేవకు ఏ విధంగా నిదర్శనమైందో వివరించండి.
2. చిరకాలం నిలిచే సేవకు ఉండవలసిన లక్షణాలను పాఠం ఆధారంగా తెలిపి, మీ ఊరి అనుభవంతో సమన్వయించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. మామిడితోట పెంపకానికీ, గ్రామ ఉమ్మడి జీవనానికీ ఉన్న పోలిక ఏమిటి?
2. కుడిమరామత్తు ఆచారం భారంగా మారడానికి కారణమేమిటి?
3. పౌర గ్రంథాలయ చట్టాలవల్ల కలిగిన మేలును, లోటును తెలపండి.
4. నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు ఏ మార్పునకు దారితీశాయి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ‘ఛందం’ అంటే అర్థమేమిటి?
2. ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించినవారెవరు?
3. పడవ ద్వారా గ్రంథాలయ సేవలందించినవారెవరు?
4. జాతీయ సేవా పథకం ఎప్పుడు ప్రారంభమైంది?
5. ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం ఎప్పటినుంచి అమలయింది?

IV. ప్రాజెక్టు పని

మీ ఊరిలోగాని, వీధిలోగాని జీతం లేకుండా అందరికోసం క్రమంతప్పక జరుగుతున్న ఒక పనిని గుర్తించండి. ఆ పని ఎప్పుడు మొదలైంది, ఎవరెవరు పంచుకొంటున్నారు, వారి తరువాత ఎవరు చేయబోతున్నారు అనే విషయాలను పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.